యుగాంతానికి తెచ్చిన బియ్యం

యుగాంతం వస్తుందని టీవీలన్నీ ఊదరగొట్టిన ఏడాది మా అపార్ట్‌మెంట్ వాళ్లు రెండు పనులు చేశారు. మూడు బస్తాల బియ్యం కొని డాబా మీద లిఫ్టు గదిలో పెట్టారు. నన్ను నాటకం రాయమన్నారు. రెండూ ఒకే మీటింగులో, సెల్లార్లో, టీ చల్లారకముందే తేలిపోయాయి.

అప్పుడు మేం నాచారం నుంచి ఉప్పల్ పోయే దారిలో, ఒక లోపలి గల్లీలో, పదిహేను ఫ్లాట్ల బిల్డింగులో ఉండేవాళ్లం. మా ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. నేను ఉప్పల్లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. మాది జనగామ దిక్కు. క్లాసులో పుస్తకం భాష మాట్లాడి, స్కూలు గేటు దాటగానే మా భాషలోకి దిగిపోయేదాన్ని.

బియ్యం సంగతి మొదట ఎవరన్నారో గుర్తులేదు. ఎవరూ యుగాంతాన్ని నమ్మలేదు. అలాగని వద్దని కూడా ఎవరూ అనలేదు. "ఉంటే మనకే పనికొస్తయి కదా" అని రెండో అంతస్తు ఆవిడ అంది. బియ్యంతో పాటు కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఆరు మంచినీళ్ల క్యాన్లు కూడా లిఫ్టు గదికి చేరాయి. ప్రతి ఏడాదీ కొత్త సంవత్సరానికి డాబా మీద పాటలు, కుర్చీలాట పెట్టేవాళ్లం. ఈసారి సెక్రటరీ కొంచెం ఆలోచించి, ప్రపంచం పోయేది శుక్రవారం కాబట్టి, మిగిలితే ఆదివారం సాయంత్రమే పండగ చేసుకుందామన్నాడు. రెండువేల పన్నెండు డిసెంబరు అది.

"మేడం, యుగాంతం అయినంక ఏమైతదో నాటకం రాయుండ్రి. జర నవ్వొచ్చేటట్టు రాయుండ్రి" అని నా మీద పెట్టాడు.

రాశాను. నాలుగు సీన్లు. హైదరాబాదంతా నీళ్లలో మునిగిపోతుంది. మా డాబా ఒక్కటే తేలుతుంది. నలుగురు పిల్లలతో కలిపి పదకొండు మంది మిగులుతారు, ఒక ట్యాంకు మంచినీళ్లు, ఒక చిన్న గణపతి విగ్రహం. మొదటి మూడు సీన్లూ నవ్వులే. సీరియల్ చివరికి ఏమైందో తెలియకుండానే టీవీలు మునిగిపోయాయని ఇద్దరు ఆడవాళ్లు ఏడుస్తారు. మెయింటెనెన్స్ ఈ నెల ఎవరికి కట్టాలని ఒకాయన అడుగుతాడు. నాలుగో సీను మాత్రం రాస్తుంటే నా చేతిలోంచి జారిపోయింది. నారపల్లి వైపు నుంచి ఒక మనిషి ఈదుకుంటూ వచ్చి నీళ్లడుగుతాడు. నీళ్లు నాలుగు రోజులకే ఉన్నాయి. డాబా కాపలాదారు గణపతికి దండం పెట్టుకుని, తప్పు క్షమించమని, కర్రతో వాణ్ని కొడతాడు. వాడు నీళ్లలో పడిపోతాడు. తెర.

చదివి మా ఆయన, "మరి నవ్వు ఏడుంది?" అన్నాడు.

"మొదటి మూడు సీన్లల్ల ఉంది."

"నాలుగో దానికి మూడు సీన్ల నవ్వు సరిపోదు" అని ప్లేటు తీసుకుని లోపలికి పోయాడు.

నాటకం నచ్చింది ఒక్క బాబాయిగారికే. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన. తెనాలి దగ్గర ఏదో ఊరు, ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై ఇక్కడ స్థిరపడ్డాడు. తెల్లారి అయిదింటికి ఆయన పారాయణ మొదలైతే మా ఇంట్లో అలారం అవసరం ఉండేది కాదు. నాకు సొంత బాబాయి కాదు. కానీ నా చేతి పచ్చిపులుసు ఇష్టమని వారానికోసారి గిన్నె పట్టుకుని దిగివచ్చే మనిషిని ఇంకేమని పిలుస్తాం.

"ఇదమ్మాయ్ ధర్మమంటే" అన్నాడు నా కాగితాలు మడిచి ఇస్తూ. "పదకొండు మందిని కాపాడ్డానికి ఒకణ్ని కొట్టాల్సి వచ్చింది. దేవుడికి చెప్పి మరీ కొట్టాడు. ఇంకేం కావాలి?" డైరెక్షన్ తనే చేస్తానన్నాడు.

కాపలాదారు వేషానికి అందరూ మా వాచ్‌మన్ పేరే చెప్పారు. ఆరడుగుల మనిషి. అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్ల బట్టలు, పెరిగిన గడ్డం, చెప్పుల్లేని కాళ్లు, నుదుటి మీద గంధం. ప్రపంచం అంతమైన తర్వాత మిగిలే మనిషి ఇలాగే ఉంటాడనిపించేట్టు ఉండేవాడు. మాలలో ఉన్నవాణ్ని అందరూ స్వామి అనే పిలవాలి. ఆయన కూడా ఎదురైన మగవాళ్లనందర్నీ స్వామి అనీ, ఆడవాళ్లను మాత అనీ అనేవాడు. ఆ నలభై రోజులూ మా పాలవాడు స్వామి, కరెంటు బిల్లు ఇచ్చేవాడు స్వామి, మా ఆయన కూడా స్వామే.

మొదటి రిహార్సల్లో బాబాయిగారు ఆయన చేతికి కర్ర ఇచ్చాడు. నిజం కర్ర కాదు. బట్టల షాపులో తానులు చుట్టే అట్టగొట్టం, దానికి గోధుమరంగు కాగితం అంటించాం. స్వామి దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, సీను మొత్తం ఓపిగ్గా విని, మళ్లీ బాబాయిగారికే ఇచ్చేశాడు.

"నేను చెయ్య స్వామీ."

"ఎందుకయ్యా? మాటలు ఎక్కువున్నాయా?"

"మాటలు మంచిగనే ఉన్నయి. కొట్టుడు నాతోని గాదు."

"నాటకమే కదా స్వామీ" అన్నాను నేను.

"నాటకమే మాతా. అయినా చెయ్య."

బాబాయిగారు ఊరుకునే రకం కాదు. అట్టగొట్టం చంకలో పెట్టుకుని వాదనకు దిగాడు. "మన దేవుళ్లలో ఆయుధం లేని దేవుడు ఎవరో చెప్పు. ఒకరికి శూలం, ఒకరికి చక్రం. మీ స్వామి చేతిలో విల్లూ బాణాలు లేవూ?"

"ఉన్నయి స్వామీ" అన్నాడు ఆయన. "గని పులి మీద కూసొని అడివిలకెల్లి ఊళ్లెకు వచ్చిండు సూడు, ఊరోళ్లందరు ఉరికిన్రు. ఆయన పులితోని ఎవ్వల్ని కరిపియ్యలే."

డాబా మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. బాబాయిగారు కూడా నవ్వాడు గానీ, దిగిపోతూ మెట్ల మీద నాతో, "మాటకారే. అయినా అది జవాబు కాదమ్మాయ్" అన్నాడు.

మర్నాడు నేను స్కూలు నుంచి వచ్చేసరికి స్వామి గేటు దగ్గర నీళ్లు చల్లుతున్నాడు. నేను అడగలేదు. నా చేతిలో నాటకం కాగితాలు చూసి తనే చెప్పాడు. అంతకుముందు ఆయన నాచారంలోనే ఒక ఫ్యాక్టరీకి కాపలా ఉండేవాడట. ఒక ఆదివారం పట్టపగలు, లోపల ఎవరూ లేనప్పుడు, రాగి తీగ కోసం ఒకడు గోడ దూకాడు. స్వామి లాఠీతో మోకాలి మీద కొట్టాడు. వాడు పడిపోయినంక ఇంకో రెండు దెబ్బలు వేశాడు. మేనేజరు వచ్చి భుజం తట్టాడు. మిగతా గార్డులు చాయ్ తాగించారు.

"రెండేండ్లకు ఉప్పల్ రింగు రోడ్డు కాడ కనపడ్డడు మాతా. జామపండ్ల బండి పెట్టుకున్నడు. కుంటుతున్నడు. నన్ను గుర్తువట్టలే. కిలో జోకి, ఇంకొకటి కొసరు ఏసిండు."

"తిన్నవా?"

"బస్సుల పక్క సీటోళ్లకు ఇచ్చిన."

పైపు మడిచి నీళ్లు ఆపాడు. "ఆయన దొంగతనానికే వచ్చిండు. అండ్ల అనుమానం లేదు. గని నేను కొట్టింది అందుకు గాదు. కొడితే ఎవ్వరు ఏమనరని ఎరుకై కొట్టిన. ఆ నౌకరి ఇడిసిపెట్టిన. ఈ బిల్డింగుల చేరేటప్పుడే సెక్రటరీ సారుకు చెప్పిన, కర్ర పట్ట అని. అయిదేండ్ల సంది మాల ఏస్తున్న."

నేను ఇంటికి పోయి బియ్యం కడిగాను. మనసులో మాత్రం, పెద్ద కథే ఉంది గానీ దానికీ నా నాటకానికీ సంబంధం ఏముంది, నా కాపలాదారుడు పిల్లల కోసం కదా కొట్టింది అనుకున్నాను. ఆ వారమంతా నాలుగో సీనులో మాటలు ఇంకా పదును పెట్టాను.

తర్వాతి ఆదివారం, అంటే యుగాంతానికి అయిదు రోజుల ముందు, మా పక్క గల్లీలో ఒక ఇంట్లో అయ్యప్ప పడిపూజ. మధ్యాహ్నం స్వాములకు భిక్ష, తర్వాత వచ్చినవాళ్లందరికీ భోజనాలు. మా స్వామి అక్కడికి పోయాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. మేం పొద్దుటి రిహార్సల్ ముగించి, లిఫ్టు గది తలుపు దగ్గరికి వేసి, తాళం మరిచిపోయి కిందికి దిగాం. ఒంటిగంట దాటాక రెండో అంతస్తు ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకుందామని పైకి పోయి, "దొంగ, దొంగ" అని అరిచింది.

నేను పరుగెత్తి పోయేసరికి ఏడెనిమిది మంది ఉన్నారు. లిఫ్టు గది గుమ్మంలో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై లోపు వయసు. దుమ్ము కొట్టుకుపోయిన చొక్కా. పక్కన ఒక బస్తా కుట్టు విప్పి ఉంది. వాడి గుప్పిట్లో బియ్యం ఉన్నాయి, నోట్లో కూడా ఉన్నాయి. నములుతూనే మాకేదో చెప్పబోయాడు. తెలుగే గానీ ఒడియా కలిసిన తెలుగు. సగం అర్థం కాలేదు. ఆ అర్థం కానిదాన్నే పట్టుకుని ఎవరో, "ఈనిది ఈడ గాదు, ముఠాలు తిరుగుతున్నయంట" అన్నారు. పక్క బిల్డింగు వాళ్లు గోడ మీంచి చూసి పైకి వచ్చేశారు. వెనకనుంచి ఒకరు వీపు మీద కొట్టారు. ఇంకొకరు జుట్టు పట్టుకున్నారు.

బాబాయిగారు వచ్చాడు. "ఆగండి, పట్టుకుని ఉంచండి, పోలీసులకు ఫోను చేద్దాం" అన్నాడు రెండుసార్లు. ఆ రెండుసార్లూ ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు. మూడోసారి అనలేదు.

నేను కూడా కొట్టాను. ఇది ఇన్నేళ్లూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు, మా ఆయనకు కూడా "గలాట అయింది" అని మాత్రమే చెప్పాను. ముందటి దసరాకు నాచారం గల్లీలో నా మెడలో గొలుసు తెంపుకుపోయారు. తెంపినవాడి ముఖం నేను చూడలేదు. హెల్మెట్ చూశాను, అంతే. ఇక్కడున్నవాడికి హెల్మెట్ లేదు, బండి లేదు, కాళ్లకు సరైన చెప్పులు కూడా లేవు. అయినా అందరి మధ్యలోంచి చెయ్యి చాపి చెంప మీద కొట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి కొట్టినప్పుడు నా గొంతులోంచి ఏదో మాట కూడా వచ్చింది. నేను క్లాసులో పిల్లలు అంటే మందలించే మాట అది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణం నాకు భయం లేదు, కోపం కూడా పెద్దగా లేదు. తేలిగ్గా అనిపించింది. గొలుసు పోయినప్పటి నుంచి మెడ దగ్గర ఉన్న ఒక బిగువు వదిలినట్టయింది.

అప్పుడు మెట్ల మీద స్వామి కనిపించాడు. భిక్ష సగంలో లేచి వచ్చినట్టున్నాడు, చెయ్యి ఇంకా తడిగా ఉంది. గుంపును తోసుకుని రాలేదు. దారి ఇవ్వమన్నట్టు ఒక్కొక్కరి భుజం తాకుతూ లోపలికి వచ్చాడు. వచ్చి, తన మీదున్న నల్ల కండువా తీసి ఆ మనిషి మెడలో వేశాడు. వేసి, గొంతెత్తి అన్నాడు.

"స్వామియే..."

నలుగురైదుగురు అలవాటు కొద్దీ, "శరణమయ్యప్ప" అన్నారు. జుట్టు పట్టుకున్న అతను కూడా అన్నాడు. శరణం పలుకుతూ జుట్టు పట్టుకుని ఉండటం కుదరదు కాబోలు, చెయ్యి వదిలేశాడు. స్వామి ఇంకోసారి అన్నాడు. ఈసారి ఇంకా ఎక్కువమంది పలికారు. నేను కూడా పలికాను.

"స్వామిని కొడ్తున్నరా?" అన్నాడు అప్పుడు, మామూలు గొంతుతో. "భిక్షకు వచ్చిన స్వామి. ఇల్లు తప్పి మన బిల్డింగు ఎక్కిండు."

నల్లబట్ట మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పక్క బిల్డింగు వాళ్లు ముందు దిగిపోయారు. బట్టల కోసం వచ్చిన ఆవిడ తన దుప్పటి తీసుకుని, "నాకేం ఎరుక, నోట్ల బియ్యం ఉంటే దొంగ అనుకోనా" అని గొణుక్కుంటూ పోయింది.

బాబాయిగారు మాత్రం కదల్లేదు. "వాడు స్వామి ఎప్పుడయ్యాడయ్యా? మాలలో ఉండి అబద్ధమాడావు" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే బాధగా అన్నాడు.

"అబద్ధం గాదు స్వామీ" అన్నాడు ఆయన, ఆ మనిషిని లేపుతూ. "నేను మాల ఏసిన్నాటి సంది మిమ్మల్ని ఏమని పిలుస్తున్న? పాలాయనను ఏమంటున్న? దీక్షల ఉన్నోనికి ఎదురొచ్చిన ప్రతోడు స్వామే. ఈయన ఒక్కడు గాకుంటెట్ల పోతడు?"

ఆ మనిషిని తీసుకుని పక్క గల్లీకి పోయాడు. నేను వెనకే పోయాను. ఎందుకు పోయానో అప్పుడు తెలియదు. షామియానా కింద చివరి బంతి నడుస్తోంది. ఆ మనిషి ఆకు ముందు కూర్చున్నాడు. కింది పెదవి చిట్లింది. పప్పన్నం జాగ్రత్తగా ఒక పక్క నుంచి తింటున్నాడు. నేను ఎదురుగా కూర్చుని, సగం సైగలతో అడిగితే చెప్పాడు. నారపల్లి దాటాక ప్లాట్లు వేస్తున్నచోట హద్దురాళ్లు పాతే పని. ఆదివారం సెలవు. నాచారంలో స్వాముల భోజనం ఉందని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చాడు. గేటు దగ్గర మనుషుల్లేరు, లోపలికి వచ్చి చూస్తే మెట్లు కనిపించాయి. పైన బియ్యం బస్తాలు చూసి వంట ఇక్కడే అనుకున్నాడు. ఆకలికి ఆగలేక గుప్పెడు నోట్లో వేసుకున్నాడు.

"నేను కూడ కొట్టిన తమ్మీ. తప్పయింది" అన్నాను.

అతను తల ఎత్తి కాసేపు నా ముఖం చూశాడు. "గుర్తులేదమ్మా. చానామంది కొట్టారు" అన్నాడు. అని, వడ్డించేవాళ్ల వైపు చూస్తూ, "సాంబారు ఇటు రమ్మనండి" అన్నాడు.

నేనే లేచి బకెట్ తెచ్చి పోశాను. క్షమించానన్నా, తిట్టినా ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి పోయేదాన్ని. అతనికి నేను గుర్తే లేను. భోజనమయ్యాక స్వామి అతన్ని ఉప్పల్ దాకా తీసుకుపోయి బస్సెక్కించి వచ్చాడు. కండువా మాత్రం తిరిగి తీసుకున్నాడు. పూజ దగ్గర మళ్లీ కావాలి కదా.

ఆ సాయంత్రం నేను బాబాయిగారింటికి పోయి, నాలుగో సీను తీసేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పిన్నిగారు ఇద్దరికీ కాఫీ ఇచ్చి, ఈ గొడవ తనకొద్దన్నట్టు వంటింట్లోకి పోయింది.

"ఇవాళ జరిగింది తప్పే. నేను ఆపలేకపోయాను, అది నా తప్పు" అన్నాడు. "కానీ ఇవాళ ఇంట్లో బియ్యం ఉన్నాయి, దుకాణంలో ఇంకా ఉన్నాయి. వాడు గుప్పెడు తిన్నా మనకేం కాదు. నీ నాటకంలో అలా కాదుగా. నీళ్లు నాలుగు రోజులకే. పిల్లలు నలుగురు. వీడికి పోస్తే రేపు పదిమంది వస్తారు. అప్పుడు జాలి పడ్డవాడు ఎవరి నీళ్లు పోస్తున్నట్టు? తన నీళ్లా, పిల్లల నీళ్లా? ఆ పాపం ఎవరిది? చెప్పమ్మాయ్."

కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాను. కిందికి వచ్చి, మెట్ల కింద గదిలో దీపం పెడుతున్న స్వామికి అదే ప్రశ్న చెప్పాను. వత్తి సరిచేస్తూ విన్నాడు.

"సారు లెక్క కరెక్టే మాతా. గని కర్ర పట్టుకున్నోడు లెక్క చేస్తే ఎప్పుడైనా ఒకడు ఎక్కువనే అయితడు."

"మరి నువ్వైతే ఏం జేస్తవు?"

"నీళ్లు పోస్త. అయినంక అందరం కలిసి సస్తమో, బతుకుతమో. నాకు ఎరుకలేదు." అగ్గిపుల్ల గీసి, "నాకు పిల్లలు లేరు. ఉంటే గిట్ల చెప్తనో లేదో" అన్నాడు. ఆ చివరి మాట అని ఉండకపోతే ఆయన మీద నాకు అంత గురి కుదిరేది కాదేమో.

శుక్రవారం వచ్చింది. స్కూలు పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు లేచి, ప్రపంచం పోతే సోమవారం స్లిప్ టెస్టు ఉంటుందా అని అడిగారు. మనం ఉంటే ఉంటుందన్నాను. ఉప్పల్ రోడ్డు మెట్రో స్తంభాల కోసం తవ్వి పడేసి ఉంది. గుంతలు, మట్టి కుప్పలు, ఆగిపోయిన బస్సులు. కొత్తగా చూసినవాడెవడైనా యుగాంతం నిన్ననే అయిపోయిందనుకుంటాడు. మా ఆయన మిర్చిబజ్జీలు పట్టుకుని మామూలు టైముకే ఇంటికి వచ్చాడు. తిన్నాం. టీవీలో యుగాంతం గురించి చెబుతున్నవాళ్లు కూడా మధ్యలో టీ తాగుతూ కనిపించారు.

ఆదివారం సాయంత్రం అయిదున్నరకు నాటకం మొదలుపెట్టాం. ఇంకా వెలుగుంది. నాలుగో సీను అలాగే ఉంది. కాపలాదారు వేషం బాబాయిగారే కట్టాడు. ఈదుకుంటూ వచ్చేవాడు మొదటి అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. వెనక పరుపు వేశాం, పడిపోవడానికి. స్వామి నీళ్ల ట్యాంకుకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు.

మూడు సీన్లూ బాగా నవ్వారు. నాలుగో సీనులో బాబాయిగారు గణపతి ముందు కూర్చుని నేను రాసిన రెండు వాక్యాలూ చెప్పాడు. చెప్పి లేవలేదు. కళ్లు మూసుకుని తన రోజువారీ పారాయణలోది ఏదో మొదలుపెట్టాడు. అది నాటకం కాదని ముందు వరసలో ఉన్నవాళ్లకు కూడా తెలిసింది. చాలాసేపు అలాగే ఉన్నాడు. పిల్లలు కదలడం మొదలుపెట్టారు. తర్వాత లేచి కర్ర ఎత్తాడు. రెండు వారాల రిహార్సళ్లకు నలిగిన అట్టగొట్టం, పైకెత్తగానే మధ్యలో వంగి అరటికాడలా వాలిపోయింది.

డాబా అంతా ఘొల్లుమంది. బాబాయిగారు దాన్ని సరిచేయబోయాడు, మళ్లీ వాలింది. పడటానికి సిద్ధంగా ఉన్న కుర్రాడు పడాలో వద్దో తెలియక నిలబడ్డాడు. అప్పుడు బాబాయిగారు నేను రాయని మాట ఒకటి అడిగాడు.

"ఎంతమందున్నారయ్యా మీరు?"

ఆ కుర్రాడికి దీనికి డైలాగు లేదు. కంగారులో నిజం చెప్పేశాడు. "ఇద్దరం అంకుల్. నేనూ, మా రూమ్మేటూ."

దాంతో నాటకం అయిపోయింది. తెర వెయ్యడం కూడా మర్చిపోయాం. ఎందుకంటే చూసేవాళ్లలో లెక్క మొదలైంది. ఇద్దరే అయితే సర్దుకోవచ్చని రెండో అంతస్తు ఆవిడ, రూమ్మేటును తెచ్చుకోనివ్వొద్దని వాళ్లాయన, ట్యాంకు ఎన్ని లీటర్లదని సెక్రటరీ. పులిహోర పంచేదాకా ఆ వాదన నడిచింది. ముందటి ఆదివారం జుట్టు పట్టుకున్నతనే అందరికంటే గట్టిగా, "పొయ్యాలె, నీళ్లకు అడ్డు జెప్పొద్దు" అన్నాడు. నేను అతని వైపు చూడలేదు. నా సంగతి నాకు తెలుసు కదా.

ప్లేట్లు కడిగే దగ్గర బాబాయిగారు నాతో, "కర్ర వంగకపోతే కొట్టేవాణ్నే అమ్మాయ్. నువ్వేదో అనుకుంటావని చెబుతున్నా" అన్నాడు. నేను సరే అన్నాను.

సంక్రాంతి ముందు స్వామి ఇరుముడి కట్టుకుని శబరిమల బయల్దేరాడు. లిఫ్టు గదిలో బియ్యం ఫ్లాటుకు ఇంతని పంచుకున్నారు. కుట్టు విప్పిన బస్తాలోవి మాత్రం ఎవరూ తీసుకోలేదు. పురుగు పట్టిందని ఒకరు, దుమ్ము పడిందని ఒకరు. స్వామి బయల్దేరే రోజు ఆ బస్తానే వండించి అందరికీ భోజనం పెట్టాడు. వద్దన్నవాళ్లంతా రెండోసారి పెట్టించుకుని తిన్నారు.

క్లాసులో నా టేబుల్ మీద ఒక చెక్క స్కేలు ఉండేది. కొట్టేదాన్ని, అందరు టీచర్లలాగే, అరచేతి మీద, వాళ్ల మంచికే అనుకుంటూ. జనవరిలో ఒకరోజు స్కేలు ఎత్తి, ఆ పిల్లాడు చెయ్యి చాపి ముఖం పక్కకు తిప్పుకోవడం చూసి, దించేశాను. తర్వాత స్కేలు గీతలకే వాడాను. దానివల్ల నేను గొప్ప టీచర్నేమీ కాలేదు. పిల్లలు నెత్తికెక్కారు, హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు పిలిచి మందలించింది, నా గొంతు పాడైంది.

తెలంగాణ వచ్చిన ఏడాది బాబాయిగారు అన్నోజిగూడలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఆంధ్రా వాళ్లు ఉంటారా పోతారా అని అందరూ మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆయన ఇంటికి పునాది తవ్వించాడు. గృహప్రవేశానికి నేనూ మా ఆయనా, స్వామీ, ఆయన భార్యా నలుగురం ఒకే ఆటోలో పోయాం. హైవే మీద ధాబాలు, టైర్ల షాపులు దాటి లోపలికి తిరిగితే ఇంకా ఖాళీ ప్లాట్లే. ఆయన ప్రహరీ గోడ మీద వరసగా గాజుపెంకులు గుచ్చి ఉన్నాయి. గేటు బయట, రోడ్డు వైపు తిరిగి ఒక నల్లా, దాని కింద సిమెంటు గట్టు. ఇద్దరు కూలీలు సీసాలు నింపుకుంటున్నారు.

మా స్వామి గాజుపెంకుల వైపు ఒకసారి చూసి, నల్లా దగ్గరికి నడిచాడు. అప్పుడాయన మాలలో లేడు, తెల్ల చొక్కాలో ఉన్నాడు.

"ఇదేంది బాబాయిగారూ, రెండూ పెట్టిన్రు?" అన్నాను.

"రెండూ ఉండాలమ్మాయ్" అన్నాడు. "నల్లాకు మాత్రం వేసవిలో మధ్యాహ్నం పూట నీళ్లు రావడంలేదు. మీ వాచ్‌మన్‌కు ప్లంబింగు పని వచ్చా?"

స్వామి అప్పటికే గట్టు మీద కూర్చుని నల్లా తలకాయ తిప్పి చూస్తున్నాడు. వాషరు పోయి రాత్రంతా నీళ్లు కారిపోతున్నాయన్నాడు. మా ఆయన హైవే మీది షాపుకు పోయి కొత్తది తెచ్చాడు. అది బిగించేదాకా ఆగి, తర్వాతే మేమంతా భోజనాలకు లోపలికి పోయాం.